ఎనిమిదో ఊచ

అత్తగారి గొడుగుకు ఎనిమిది ఊచలు ఉండాలి. సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు ఏడే ఉన్నాయి. ఎనిమిదోది పాత బనీను గుడ్డలో చుట్టుకుని, కోడలి చేతిసంచిలో కూర్చుని, బళ్ళ వైరింగు షాపుకు బయల్దేరింది.

ఆ కోడలిని షాపులో పిన్నుల పిన్ని అంటారు. మొదట్లో వేళాకోళానికి పెట్టిన పేరే. బళ్ళ వైర్ల చివర వాటిని కలిపే ప్లాస్టిక్ కప్లర్లు, వాటి రంధ్రాల్లో వైరుకొక ఇత్తడి పిన్ను ఉంటాయి. పాత కప్లర్లలోంచి పిన్నులను విరక్కుండా బయటికి తీయడం ఆమె పని కాబట్టి పిన్నుల అన్నారు. అందరినీ కసురుతూనే అందరి జ్వరాలూ దగ్గులూ కనుక్కుంటుంది కాబట్టి పిన్ని అన్నారు. కొన్నాళ్ళకు ముందున్న పిన్నులు రాలిపోయి ఉత్త పిన్ని మిగిలింది. ఆమె కంటే పన్నెండేళ్ళు పెద్దవాడైన మేస్త్రీ కూడా పిన్నీ అనే పిలుస్తాడు, ఓనరూ అంతే. ఆమె ఎవరినీ వద్దనలేదు. తలలు నెరిసిన మగాళ్ళకు పిన్ని కావడంలో ఒక సుఖం ఉంది. కసిరితే ఎవరూ ఎదురు చెప్పరు.

గొడుగు ఊచ ఎందుకంటే, అలాంటి పనిముట్టు ఇంకొకటి లేదు. బజారులో దొరికేవి మూడో పిన్నుకే మూతి వంకర పెడతాయి. ఊచ వంగుతుంది గానీ విరగదు. చివరను రాతి మీద నీళ్ళు చల్లి అరగదీస్తే కాగితమంత పల్చనవుతుంది. కిందటి ఊచ ఆరేళ్ళు పనిచేసి పోయిన వారమే అరిగిపోయింది. ఇంట్లో మిగిలిన గొడుగు అత్తగారిది ఒక్కటే. అడిగితే ఇవ్వదు కాబట్టి అడగలేదు.

షాపు ముందు గదిలో వెలుతురు, ఫ్యాను, రేడియో ఉన్నాయి. వెనక గదిలో పిన్ని, ఒక ముక్కాలిపీట, చేతికందే ఎత్తులో కిటికీ ఉన్నాయి. ఆ కిటికీ కింద బల్లమీద ఒక తెల్ల పళ్ళెం, పళ్ళు తోమే పాత బ్రష్షు, గోరువెచ్చని నీళ్ళ గిన్నె. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్‌ను కాసేపు వేడినీళ్ళలో నానబెడితే మెత్తబడుతుందని ఆమె తనంతట తానే కనిపెట్టింది. ముందు గదివాళ్ళు దాన్ని పిన్ని చారు అని ఎగతాళి చేస్తారు.

ఆ షాపుకు ఒక కట్టుబాటు ఉంది. వైరింగు కట్టడం పూర్తయ్యాక, కట్టినవాళ్ళు చివరి చుట్టు తమ రంగు టేపుతో చుట్టాలి. మేస్త్రీది నీలం. ముందు గదిలో పనిచేసే అన్నదమ్ములిద్దరిలో అన్నది ఎరుపు, తమ్ముడిది తెలుపు. బండి ఎప్పుడైనా తిరిగి వస్తే ఓనరు డాష్‌బోర్డు కింద తల దూర్చి, "నీలం ఎవరిది?" అని కేక పెడతాడు. ఎవరిదో ఆయనకు తెలియక కాదు. అయినా అడుగుతాడు. అడిగినప్పుడు ఎక్కడున్నా సరే, తిట్లకైనా మెప్పుకైనా, "నాది" అంటూ రావాలి.

పిన్నికి రంగు లేదు. విప్పేవాళ్ళకు రంగు ఉండదని ఓనరు తండ్రి కాలం నుంచి మాట. ఆమె వచ్చి పదకొండేళ్ళయింది. నాలుగేళ్ళుగా విప్పడమే కాదు, కొత్త పిన్నులను తిరిగి పెట్టేదీ ఆమే. మేస్త్రీ పక్కన నిలబడి, ఏ రంధ్రంలో ఏ వైరో తను గీసుకున్న పటం చూస్తూ, "ఇక్కడ ఎర్రది, దాని పక్కన పచ్చది" అని వేలు పెట్టి చూపిస్తాడు, ఆమె పెడుతుంది. ఆఖర్న మేస్త్రీ వచ్చి నీలం చుడతాడు. బండి బాగా నడుస్తోందని చెప్పడానికి ఎవరైనా వస్తే, "నాది" అనే మాట వెనక గదిలో ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అది ఆమెకు చాలా కష్టంగా ఉండేది. ఎవరితోనూ అనలేదు, అత్తగారితో తప్ప. అత్తగారు, "మీ ఓనరు కళ్ళు నెత్తికెక్కాయి" అని తేల్చేసి, మళ్ళీ తన కుట్టుపనిలో పడిపోయేది.

ఆ సోమవారం షాపు ముందుకు పుస్తకాల బండి వచ్చింది. బండికి రెండువైపులా బొమ్మలు, లోపల పైనుంచి కిందిదాకా పుస్తకాల అరలు. దాన్ని నడిపేది, అందులో పుస్తకాలు ఇచ్చేది, పుచ్చుకునేది అంతా ఒకావిడే. అందరూ ఆమెను పుస్తకాల మేడమ్ అంటారు.

"గుంత వస్తే చాలు, లైట్లన్నీ కళ్ళు మూసుకుంటున్నాయి. నిన్న పొగ వాసన కూడా వచ్చింది," అందామె. "శుక్రవారం కొండ అవతల బడికి వెళ్ళాలి. పిల్లలు కథ సగంలో ఆపి కూర్చున్నారు."

మేస్త్రీ డాష్‌బోర్డు కింద నుంచి కప్లర్‌ను బయటికి లాగాడు. అరచేతిలో పట్టేంత ఉంది. రెండు వరసలు, వరసకు పదమూడు రంధ్రాలు. వైర్ల తొడుగులు వేలు తగిలితేనే పొడిపొడిగా రాలుతున్నాయి. రంగులన్నీ నూనెకూ మసికీ ఒకటే బూడిదరంగయ్యాయి.

"ఇది ఇప్పుడెక్కడా దొరకదు," అన్నాడు మేస్త్రీ. "కప్లర్ కోసి పారేసి, వైరుకు వైరు మెలేసి టేపు చుట్టేస్తా. సాయంత్రానికి తీసుకెళ్ళండి."

"వద్దు. ఇదివరకు వెనక లైట్లకు ఒకాయన అలాగే మెలేశాడు. అప్పట్నుంచి ఏది ఎక్కడ తెగిందో ఎవరూ కనిపెట్టలేకపోతున్నారు. కోయడానికి ఒప్పుకోను."

ఓనరు గడ్డం గోక్కున్నాడు. ఇరవయ్యారు పిన్నులు, కొత్త వైర్లు, పాత కప్లర్. విరిగితే ఇంకోటి లేదు. ఆయన వెనక గదికేసి చూసి గట్టిగా పిలిచాడు.

"పిన్నీ! ఇది విరక్కుండా విప్పగలరా?"

పిన్ని వచ్చి, కప్లర్‌ను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. పక్కనున్న లాకు పట్టీని గోటితో మీటి చూసింది.

"విప్పుతా. కానీ ఓనరు గారూ, ఒక్క మాట. ఈసారి కట్టేది కూడా నేనే."

ఓనరు మేస్త్రీ వైపు చూశాడు, మేస్త్రీ పైకప్పు వైపు చూశాడు.

"సరే. మీరే విప్పి, మీరే కట్టండి," అన్నాడు ఓనరు. "పని బాగుంటే మీకూ ఒక రంగు ఇస్తా."

"కానివ్వండి, కానివ్వండి," అన్నాడు మేస్త్రీ, ఎవరో తన కుర్చీ అడిగినట్టు. కానీ పటం మాత్రం తనే గీస్తానన్నాడు. పటం గీసేది మేస్త్రీయే, అందులో బేరం లేదు. ఆ సాయంత్రమంతా కరెంటు చూసే టెస్టు లైటు సూదిని కప్లర్ ముఖంలో గుచ్చుతూ, ఏ రంధ్రం దేనిదో పట్టుకుని, కార్డు మీద ఇరవయ్యారు గళ్ళు గీసి పేర్లు రాశాడు. పిన్ని చేతిలో పెడుతూ, "జాగ్రత్త. ఇక పాత వైర్లు చూసి చెప్పడానికి ఏమీ ఉండదు, ఉన్నదంతా ఇందులోనే," అన్నాడు.

మంగళవారం పిన్ని విప్పింది. కప్లర్‌ను గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానేసి, బ్రష్షుతో మట్టి వదిలించి, గుడ్డతో అద్దింది. ముందుగా పక్కనున్న లాకు పట్టీ. తొందరగాళ్ళు దాన్ని మర్చిపోయి పిన్నును లాగుతారు, అక్కడే ప్లాస్టిక్ పగుళ్ళిస్తుంది. ఆమె దాన్ని ఒక చివర వెంట్రుకంత లేపి, రెండో చివర వెంట్రుకంత లేపి, మళ్ళీ మొదటి చివరకు వచ్చి, అలా ఐదారుసార్లు తిరిగి, టిక్కుమనిపించింది. తర్వాత పిన్నులు. ఒక్కో పిన్ను వీపు మీద చిన్న నాలుక ఉంటుంది. అది లోపల మెట్టుకు తట్టుకుని పిన్నును రానివ్వదు. లాగేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. అందుకని ఆమె ముందు వైరును లోపలికి తోస్తుంది. నాలుక మీద బరువు తగ్గుతుంది. అప్పుడు ముఖం వైపు నుంచి ఊచ కొనను రంధ్రంలోకి జారవిడిచి, నాలుకను పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి వైరును వెనక్కి తీస్తుంది. పిన్ను ఏ గొడవా లేకుండా వచ్చేస్తుంది.

"తొయ్యి, నొక్కు, రా," అని ప్రతి పిన్నుకూ చెబుతుంది, పిల్లను నిద్రలేపుతున్నట్టు. ఇరవయ్యారుసార్లు చెప్పింది. అత్తగారి ఊచ అద్భుతంగా పనిచేసింది. సాయంత్రానికి తెల్ల పళ్ళెంలో ఖాళీ కప్లర్ ఒక్కటే ఉంది. ఎక్కడా చిన్న పెచ్చు కూడా లేవలేదు. అన్నదమ్ములు వంతులవారీగా వచ్చి చూసి వెళ్ళారు. తమ్ముడు దాన్ని కిటికీకి పట్టి రంధ్రాల్లోంచి వీధిని చూశాడు.

బుధవారం మధ్యాహ్నానికి కొత్త వైర్లకు కొత్త పిన్నులు నొక్కింది, పటం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే కప్లర్‌లోకి దూర్చింది. పక్కన వేలు పెట్టి చూపించేవాళ్ళు లేకుండా ఇదే మొదటిసారి. పై వరసలో మొదటిది హెడ్‌లైటు, రెండోది ఎడమ సిగ్నలు... ప్రతి పిన్నూ మెట్టెక్కి టిక్కుమన్నాక వైరును చిన్నగా లాగి చూసింది. తర్వాత పటంతో మూడుసార్లు సరిచూసుకుంది. ఏ ఒక్కటీ తప్పలేదు.

మూడు గంటలకు బండిలో బిగించారు. ఓనరు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పుస్తకాల మేడమ్ బండి ముందు, అన్నదమ్ములు వెనక, మేస్త్రీ గుమ్మంలో చేతులు కట్టుకుని. పిన్ని ఒక పక్కగా నిలబడింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"హెడ్‌లైటు వేస్తున్నా!" అన్నాడు ఓనరు.

వైపర్లు లేచి అద్దాన్ని పొడిపొడిగా గీశాయి.

"ఎడమ సిగ్నలు!"

వెనక నుంచి అన్న అరిచాడు. "రివర్సు లైటు వెలిగింది!"

బ్రేకు తొక్కితే కుడి సిగ్నలు కన్నుగొట్టింది. వైపర్లు అడిగితే హెడ్‌లైట్లు ఇచ్చింది. తమ్ముడు నవ్వాపుకోలేక టైరు మీద కూర్చుండిపోయాడు. పుస్తకాల మేడమ్ కూడా నవ్వింది. "పిల్లలకు భలే నచ్చుతుంది గానీ, రోడ్డు మీద మిగతావాళ్ళకు నచ్చకపోవచ్చు," అంది.

"రంగంటే ఊరికే వస్తుందా," అన్నాడు మేస్త్రీ గుమ్మంలోంచి.

అప్పుడు ఓనరు విసుగ్గా హార్ను నొక్కాడు. హార్ను హార్నులాగే మోగింది. పుస్తకాల అరల మీది చదువుకునే దీపం వేస్తే అదీ శుభ్రంగా వెలిగింది. మిగతా ఇరవై నాలుగూ గందరగోళం, ఆ రెండు మాత్రం సరిగ్గా ఉన్నాయి. హార్ను మోగగానే మేస్త్రీ మొహం మారింది. కట్టుకున్న చేతులు విప్పుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని చాలాసేపు కడిగాడు. అది చూసింది పిన్ని ఒక్కతే.

ఓనరు బండి దిగి మెల్లగా అన్నాడు. "పోనీలెండి పిన్నీ. రేపు మేస్త్రీ చూస్తాడు. రంగు సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

తర్వాత అంటే ఏమిటో పదకొండేళ్ళలో ఆమెకు బాగా తెలుసు. సంచి తీసుకుని, పటాన్ని అందులో పెట్టుకుని ఇంటికి నడిచింది.

ఇంట్లో అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని కొడుకు చొక్కాకు చినుగు కుడుతోంది. కోడలిని చూడగానే మొదలుపెట్టింది.

"వచ్చావా దొంగా! పొద్దున చినుకులు పడితే గొడుగు తెరిచా. ఒక పక్క చెవి వేలాడేసుకుంది. ఎడమ భుజమంతా తడిసింది. నా ఊచ ఏదీ?"

"రేపు తెస్తా అత్తయ్యా."

ఆ గొంతు విని అత్తగారు సూది ఆపింది. "ఏమైంది?"

పిన్ని పక్కన చతికిలబడి అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది కూడా. పటంతో మూడుసార్లు చూసుకున్నాను, ఏదీ తప్పలేదు, అయినా అన్నీ తప్పాయి అంది. అత్తగారు వింటూనే చినుగు చివర ముడి వేసి, దారం కొరికి, చొక్కాను పరిచి చూసుకుంది. చొక్కా తిరగేసి ఉంది, కుట్లన్నీ పైకి కనిపిస్తూ.

"జేబు కుడివైపుంది," అంది పిన్ని ముక్కు తుడుచుకుంటూ, ఏదో ఒకటి అనాలని.

"తిరగేస్తే కుడివైపు రాక ఎటొస్తుందే. నీకు మతి గానీ పోయిందా?"

పిన్ని చొక్కాకేసే చూస్తోంది. జేబు కుడివైపు. గుండీల పట్టీ మాత్రం మధ్యలో ఉన్నది మధ్యలోనే ఉంది. ఆమె గబుక్కున సంచిలోంచి పటం తీసింది. పై వరసలో ఏడో గడి, చదువుకునే దీపం. కింది వరసలో ఏడో గడి, హార్ను. పదమూడింటికి మధ్యది ఏడోది. హెడ్‌లైటు ఒకటో గడి, వైపర్లు పదమూడో గడి. ఎడమ సిగ్నలు రెండు, రివర్సు లైటు పన్నెండు.

మేస్త్రీ పటం గీసింది ముఖం వైపు నుంచి, టెస్టు లైటు గుచ్చిన వైపు నుంచి. ఆమె పిన్నులు దూర్చింది వెనక నుంచి, వైర్లు వెళ్ళే వైపు నుంచి. నాలుగేళ్ళుగా మేస్త్రీ పటాన్ని తలలోనే తిరగేసుకుని ఆమెకు వేలుపెట్టి చూపిస్తున్నాడు. ఎటువైపు నుంచి గీశాడో కార్డు మీద ఎప్పుడూ రాయలేదు. రాయాల్సిన అవసరమూ రాలేదు.

పిన్ని పకపకా నవ్వింది. కళ్ళలో నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.

"అత్తయ్యా! ఒక్క తప్పూ లేకుండా ఇరవై నాలుగు తప్పులు చేశాను!"

"దానికి నవ్వెందుకు? ఆ మేస్త్రీకి హార్ను మోగగానే తెలిసిపోయిందన్న మాట. తెలిసీ నోరు మెదపలేదు. రేపు వెళ్ళి నలుగురి ముందూ కడిగెయ్. వదలకు."

"లాగితే నాలుక ఇంకా బిగుసుకుంటుంది అత్తయ్యా."

"ఎవరి నాలుక?"

"పిన్నుది."

అత్తగారు కోడలిని ఎగాదిగా చూసి, చొక్కాను తిప్పి మడతపెట్టింది. "మీ షాపు భాష నాకు అర్థం కాదు. రేపు మాత్రం నా ఊచ తేవాలి."

గురువారం పిన్ని గంట ముందే వెళ్ళింది. షాపు తలుపు తీసే ఉంది. వెనక గదిలో ఆమె కిటికీ దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు. కప్లర్ విప్పి తెచ్చుకుని, చేయి బారుగా చాచి దూరంగా పట్టుకుని, రెండో చేత్తో బజారు పనిముట్టును రంధ్రంలో పెట్టాలని చూస్తున్నాడు. కొన రంధ్రం పక్కన ప్లాస్టిక్ మీద తగులుతోంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పక్కనే. మెడ వెనక్కి వంచి, కళ్ళు చికిలించి, ఇంకోసారి. ఇంకొంచెం గట్టిగా నొక్కితే మెట్టు విరుగుతుంది. ఆ కప్లర్ ఇంకెక్కడా లేదు.

"మేస్త్రీ గారూ," అంది నెమ్మదిగా. "ముందు వైరును లోపలికి తొయ్యండి."

ఆయన ఉలిక్కిపడి, దొరికిపోయిన మనిషిలా కప్లర్‌ను పళ్ళెంలో పెట్టేశాడు.

"నేను ముఖం వైపు నుంచి గీస్తా," అన్నాడు. "ముప్పై ఏళ్ళుగా అంతే. నీకు చెప్పలేదు."

"నేను అడగలేదు."

"నిన్న హార్ను మోగినప్పుడే తెలిసింది."

"మీకు తెలిసిందని నాకు తెలుసు."

"ఎవరూ రాకముందే సరిచేసేద్దామని వచ్చా. మరి... ఓనరుకు చెబుతావా?"

పిన్ని ముక్కాలిపీట జరుపుకుని కూర్చుంది. సంచిలోంచి గుడ్డ తీసి, ఊచను బయటికి తీసి, కొనను బొటనవేలి మీద ఆనించి చూసుకుంది.

"సాయంత్రానికి బండి వెళ్ళాలి. ముందు ఆ టార్చిలైటు పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. తొయ్యి, నొక్కు, రా. మధ్యవి రెండూ వదిలేసి మిగతా ఇరవై నాలుగూ మళ్ళీ తీయాలి. కొత్త పిన్నులైనా, ఒకసారి వంచిన నాలుకను మళ్ళీ లేపాలంటే భయమే. రెండు మూడుసార్లకు మించి తట్టుకోదు. ఒక్కోదాన్నీ తీసి, నాలుకను బ్లేడు కొనతో గోరంత లేపి, వరసలో పేర్చింది. పదో పిన్ను దగ్గర మెడ నొప్పెట్టి ఆగింది.

"కార్డు చదవండి మేస్త్రీ గారూ. ఐదో గడిలో ఏముంది?"

ఆయన కార్డును దూరంగా పట్టుకున్నాడు. ఇంకా దూరంగా. చేయి అయిపోయింది.

"ముఖం వైపు నుంచి చూస్తే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "ఎటువైపు నుంచి చూసినా నాకు మసకే పిన్నీ. గీసేటప్పుడు భూతద్దం పెట్టుకుని గీశా, ఎవరూ లేకుండా చూసి. నాలుగేళ్ళయింది ఇలాగయి."

నాలుగేళ్ళు. తనను పక్కన కూర్చోబెట్టుకుని పిన్నులు పెట్టించడం మొదలుపెట్టింది ఎప్పుడో పిన్నికి గుర్తొచ్చింది. తనంటే చులకన కాబట్టి ఆ సన్నపని అప్పజెప్పాడనే ఇన్నాళ్ళూ అనుకుంది. చూపు ఆనకపోబట్టి అప్పజెప్పాడు. ఆమెకు కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ చేయి చాచి కార్డు పట్టుకున్న ఆ మనిషిని చూస్తే నిలవలేదు.

"అయితే నాకు రంగు రాకూడదని ఎందుకనుకున్నారు?"

"నీకు రంగొస్తే నీ పని నీదవుతుంది," అన్నాడు లైటు సరిచేస్తూ. "అప్పుడు నా పిన్నులెవరు పెడతారు?"

"కళ్ళద్దాలు పెడతాయి," అంది పిన్ని. "చూపు తగ్గితే అందరూ చేసే పనే కదా అది. మీకేం సిగ్గు? లైటు కిందికి పట్టండి, నా మొహాన కొడుతున్నారు."

మేస్త్రీ లైటు కిందికి పట్టాడు.

తొమ్మిదిన్నరకు ఓనరు వచ్చి వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. "దొరికిందా తప్పు? ఎక్కడుంది?" అన్నాడు మేస్త్రీ వంక చూస్తూ.

పిన్ని తల ఎత్తలేదు. చేతిలో పిన్నును దూర్చి, టిక్కుమన్నాక లాగి చూసుకుంది. చెప్పాల్సిన మాట తన దగ్గర ఉంది, కావాలంటే ఇప్పుడే చెప్పవచ్చు. ఆమె ఇంకో పిన్ను తీసుకుంది.

"దొరికింది," అన్నాడు మేస్త్రీ. "అయ్యాక చెబుతా."

రెండు గంటలకు మళ్ళీ బిగించారు. ఈసారి ఓనరు అరవకముందే తమ్ముడు చెవులు మూసుకుని నవ్వడానికి సిద్ధమయ్యాడు. హెడ్‌లైటు అంటే హెడ్‌లైటు వెలిగింది. ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. వైపర్లు తమ వంతు వచ్చేదాకా బుద్ధిగా పడుకున్నాయి. పుస్తకాల మేడమ్ బండి చుట్టూ తిరిగి, ప్రతి లైటు ముందూ ఆగి తల ఊపింది. ఓనరు రెండుసార్లు హార్ను కొట్టాడు, అవసరం లేకపోయినా.

"అదీ మరి! మేస్త్రీ చెయ్యి పడితే..." అంటూ బండి దిగి, బల్లమీది నీలం టేపు అందుకుని మేస్త్రీ మీదికి విసిరాడు. "చుట్టేయ్!"

మేస్త్రీ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా గాల్లో పట్టుకుంటున్న టేపు అది, చూపుతో పని లేదు. పిన్ని చేతులు తుడుచుకుంటున్న గుడ్డ ఆగిపోయింది. మేస్త్రీ టేపును ఒకసారి చేతిలో తిప్పి, చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు.

"నేను చుట్టను," అన్నాడు. "పటం నేను తిరగేసి గీశా, ఆ ముక్క పిన్నికి చెప్పలేదు. నిన్న తెలిసి కూడా చెప్పలేదు. ఇందులో తప్పొక్కటే నాది. పనంతా పిన్నిది."

అన్న పోయి రేడియో కట్టేశాడు, ఎందుకో ఆయనకే తెలియదు. ఓనరు ఒకసారి మేస్త్రీని, ఒకసారి పిన్నిని చూసి, గడ్డం గోక్కుని, పైఅర దగ్గరికి వెళ్ళి పెట్టె దించాడు. అందులో పచ్చది, నల్లది, పసుపుది, విప్పని టేపులు మూడున్నాయి.

"తీసుకోండి పిన్నీ. ఏ రంగు?"

పదకొండేళ్ళలో ఎన్నోసార్లు ఆమె మనసులో ఎంచుకుంది, పచ్చదని. ఇప్పుడు చేయి పసుపు మీదికి పోయింది. డాష్‌బోర్డు కింద చీకట్లో బాగా కనిపించేది అదే. మొదటి చుట్టు వంకరగా పడితే ఊచ కొనతో అంచు లేపి, విప్పి మళ్ళీ చుట్టింది. పుస్తకాల మేడమ్ లోపలికి తొంగిచూసి, "బాగుంది, గాజులా ఉంది," అంది. పిన్ని డాష్‌బోర్డు మూతకు మరలు బిగించేసింది. పుస్తకాల బండి శుక్రవారం కోసం గురువారమే వెళ్ళిపోయింది.

ఆ సంతోషంలో ఆమె ఇంటికి ఖాళీ సంచితో వెళ్ళింది. అత్తగారు చేయి చాపింది. పిన్ని సంచి దులిపింది, బనీను గుడ్డ దులిపింది, జడ కూడా తడుముకుంది.

"షాపులో ఉండుంటుంది అత్తయ్యా."

"రంగొచ్చింది, బుద్ధి పోయింది," అంది అత్తగారు. కానీ ఆ సాయంత్రం పక్కింటికీ ఎదురింటికీ వెళ్ళి, మా కోడలికి పసుపు రంగు ఇచ్చారు అని చెప్పి వచ్చింది. వాళ్ళకేమీ అర్థం కాకపోయినా అభినందించారు. శుక్రవారం పిన్ని వెనక గదిలో బల్ల కింద, పళ్ళెం కింద, నీళ్ళ గిన్నెలో కూడా వెతికింది. ఊచ లేదు.

శనివారం ఉదయం మేస్త్రీ కళ్ళద్దాలతో వచ్చాడు. లావుపాటి నల్ల ఫ్రేము. "ఎవరైనా నవ్వితే చూడండి," అని ముందే హెచ్చరించాడు. ఎవరూ నవ్వలేదు, తమ్ముడు తప్ప. మేస్త్రీ తిన్నగా వెనక గదికి వచ్చి, పిన్ని చేతిలోని కప్లర్ తీసుకుని, ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఓర్నీ! ఇంత చిన్న నాలుకా ఇది!" అన్నాడు.

పన్నెండు గంటలప్పుడు వీధిలో హార్ను మోగింది. పిన్ని ఆ హార్నును గుర్తుపట్టింది. ఆమె చేతిలో పిన్ను సగం బయటికి వచ్చి ఉంది, వదలడానికి లేదు. ముందు గదిలోంచి పుస్తకాల మేడమ్ మాటలు వినిపిస్తున్నాయి.

"లైట్లన్నీ బంగారంలా ఉన్నాయండి. కానీ లోపల ఏదో టకటకమంటోంది. కథ చదువుతుంటే పిల్లలంతా అదేం చప్పుడని అడుగుతున్నారు. ఎవరో తలుపు తడుతున్నారని ఒకడు దిగి చూసొచ్చాడు కూడా."

ఓనరు గొణుక్కుంటూ బండిలోకి దూరిన చప్పుడు, మూత మరలు తీసిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు, డాష్‌బోర్డు కింద నుంచి బొంగురుగా, షాపంతా దద్దరిల్లేలా వినిపించింది.

"పసుపు ఎవరిది?"

అన్న తమ్ముడికేసి చూశాడు, తమ్ముడు మేస్త్రీకేసి చూశాడు. మేస్త్రీ కళ్ళద్దాల మీంచి వెనక గది వైపు చూసి నవ్వుతున్నాడు. ఆ కేక తనదని పిన్నికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తిట్టడానికి పిలుస్తున్నారు. పదకొండేళ్ళలో మొట్టమొదటిసారి తనను, పేరుపెట్టి పిలిచినట్టుగా, తిట్టడానికి పిలుస్తున్నారు. పిన్ను వదిలేసి, ముక్కాలిపీట తన్నేసి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"నాది! నాది! పసుపు నాది!"

ఓనరు డాష్‌బోర్డు కింద నుంచి తల బయటపెట్టి, చేతిలో సన్నగా మెరుస్తున్నదాన్ని ఆమె ముందు ఊపాడు.

"మరి ఇదెవరిది?"

"అదా," అంది పిన్ని, మొహం నిండా నవ్వుతో దాన్ని అందుకుంటూ. "అది మా అత్తయ్యది."